డ్రిల్లు సారు కట్టిన ఇసుక సంచి

తాండూరులో మా పక్కింటి డ్రిల్లు సారు, బడిలో ఆటలు నేర్పిన ఆయన, మొన్న పొద్దున పోయారు. కబురు వినగానే అమ్మ ఏడ్చింది. నాకు ముందు సిగ్గేసింది. ఆ మనిషిని నేను అనుమానించినంతగా ఊళ్లో ఎవరూ అనుమానించి ఉండరు. మీతోనైనా చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. బేరగాళ్లను చూసీ చూసీ, ఊరికే మేలు చేసేవాళ్లంటే నాకు నమ్మకం పోయింది. కొన్నేళ్ల కింద అక్క వికారాబాద్‌లో ఐదో నెల కడుపుతో ఉంది. కాన్పుకు అమ్మను రమ్మని కబురు మీద కబురు. అమ్మకేమో మోకాళ్లు అరిగిపోయి గడప దాటడమే గగనం. ఇక రైలెలా ఎక్కుతుంది?

అప్పుడొచ్చారు సారు. "మందు గిందు వద్దుర. గొర్రెను కొనేటప్పుడు నువ్వు ఏడ చూస్తవ్?"

"తొడ వత్తి చూస్త సారు."

"మీ అమ్మకు గా తొడల కండనే పోయింది. ఇగ మోకాలు ఎట్ల మోస్తది?"

రోజూ ఉప్పు మూటతో కాపడం పెట్టించేవారు. తర్వాత అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టి, కాలు చాచి ఎత్తమనేవారు. కర్ర లేకుండా నడవనిచ్చేవారు కాదు. మా ఇంట్లో చాయ్ కూడా ముట్టలేదు. మా పొట్టేలు మీద కన్నేశాడని నా అనుమానం.

కొన్నాళ్లకు అమ్మ, "సంచి బరువైతున్నది కొడుకా" అంది. ఇంకేం, మంత్రించిందేదో పెట్టాడనుకుని కుట్టు విప్పి అరుగంతా కుమ్మరించాను. ఉత్త ఇసుకే. అంతలో సారు వచ్చారు.

"వారానికింత నేనే పోస్తున్న. చెప్తే భయపడ్తదని చెప్పలే" అంటూ వంగి ఇసుక ఎత్తసాగారు. నాకు కోపం తగ్గలేదు. చెప్పకుండా ఇది చేసినవాడు ఇంకేమైనా చేస్తాడనుకున్నాను. అమ్మ మాత్రం కాలు చాచి, "కట్టుండ్రి సారు" అంది.

ప్రయాణం రోజు స్టేషన్‌కు ఆయనా వచ్చారు. అమ్మ రైలు మెట్టుకు కాలెత్తబోతుంటే నేను చేయి అందించబోయాను. సారు నా మణికట్టు పట్టుకుని ఆపేశారు.

"ఆగుర. ఎక్కనియ్యి."

బండి ఆగేదే కాసేపు. అమ్మ పదిమందిలో పడితే నవ్వడానికి వచ్చాడా ఈయన అనుకున్నాను. అమ్మ కర్ర నాకిచ్చి, కడ్డీ పట్టుకుని, నొప్పి తక్కువున్న కాలు ముందు పెట్టి ఒక్క ఊపున లేచింది. తలుపులో నిలబడి, "నువ్వు ఎక్కవా ఏంది కొడుకా?" అంది.

ఎక్కుదామంటే నా చెయ్యి ఇంకా సారు పిడికిట్లోనే ఉంది. ఆ పిడికిలి చెమటతో తడిసింది. ఆయన రెండో చెయ్యి, అమ్మ పడితే పట్టుకోవడానికి, ఇంకా చాచే ఉంది.