డ్రైవరు దావీదు అడిగిన అర్ర

1946వ సంవత్సరం. యుద్ధం ముగిసింది కానీ పెట్రోలు కరువు ఇంకా తీరలేదు. నేను సిద్దిపేట బస్సు అడ్డాలో టైంకీపర్‌గా పనిచేస్తున్నాను. బస్సు ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎన్ని గంటలకు చేరింది, నడిపింది ఎవరు, ఇవన్నీ రిజిస్టరులో రాయడమే టైంకీపర్ పని అని చాలామంది అనుకుంటారు. అది సగమే. డ్రైవరు బండి ఎక్కే ముందు అతని ముఖం చూసి, ఈ మనిషి ఇవాళ నడపగలడా లేదా అని తేల్చడం మిగతా సగం. నడపలేడనిపిస్తే అతన్ని ఆపి, స్పేర్ డ్రైవరును ఎక్కించవచ్చు. ఎవరైనా రాని రోజు కోసం అడ్డాలో ఉంచుకునే మనిషిని స్పేర్ అనేవాళ్లం. ఆ అధికారం నాకుండేది. దాన్ని నేను ఎంత తక్కువ వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మా బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచేవి. బండి వెనక గ్యాస్ ప్లాంట్ అని ఒక ఇనుప పీపా ఉండేది. అందులో కట్టెబొగ్గు నింపి, నిప్పంటించి, చేత్తో పంకా తిప్పుతూ గ్యాసు తయారయ్యేదాకా కాచుకోవాలి. అందుకు గంట పైనే పట్టేది. అందుకే ఆరు గంటల హైదరాబాదు బస్సుకు డ్రైవరు నాలుగున్నరకల్లా అడ్డాలో ఉండాలని నియమం. దాన్ని రిపోర్టింగ్ టైం అనేవారు. సిద్దిపేటలోనే ఉండేవాళ్లు కాస్త ముందు లేస్తే సరిపోయేది. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇక ఆ రాత్రి నిద్ర లేనట్టే.

మొత్తం పదకొండు మంది డ్రైవర్లు. ఏడుగురు సిద్దిపేటవాళ్లు. తొగుట నుంచి ఇద్దరు, దౌల్తాబాద్ వైపు నుంచి ఒకరు వచ్చేవారు. నంగునూరు నుంచి వచ్చేవాడు దావీదు. ముప్పై అయిదేళ్ల మనిషి, బాగా పొడగరి. ఒక మిషన్ దవాఖానలో డాక్టరు దొరసాని కారు తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చుకున్నాడు. బండి తీసే ముందు లోపలికి తొంగి చూసి, ముసలివాళ్లు వెనక కూర్చుని ఉంటే వాళ్లను ముందు సీట్లలోకి మార్చేవాడు. వెనక కుదుపు ఎక్కువ. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

నంగునూరు నుంచి సైకిలు మీద రెండు గంటలు. వానాకాలం ఇంకా ఎక్కువ. వారంలో మూడు రోజులు దావీదుకు పొద్దుటి డ్యూటీ పడేది. ఎండాకాలమంతా ముందురోజు సాయంత్రమే వచ్చి బస్సు టాపు మీద పడుకున్నాడు. వానలు దగ్గరపడ్డాక ఒకరోజు ట్రిప్ షీటు, అంటే బండి తీయడానికి నేను సంతకం పెట్టి ఇచ్చే కాగితం, తీసుకుంటూ నా బల్ల దగ్గర ఆగాడు.

"సారూ, మీ ఇంట్ల మగ్గం అర్ర ఖాళీగ ఉన్నదంట గదా."

ఉన్నమాటే. మాది నేతపని ఇల్లు. యుద్ధం వచ్చి నూలు దొరక్క మా బాపు మగ్గం విప్పేశాడు. వీధి వైపు తలుపున్న ఆ గది రెండేళ్లుగా ఊరికే ఉంది.

"వారంల మూడు దినాలు పండుకుంట సారూ. కిరాయి ఇస్త. ఇంట్ల అడుగు పెట్ట. వీధి తలుపు నుంచే వచ్చి వీధి తలుపు నుంచే పోత."

"ఇంట్ల అడుగు పెట్ట" అని అతను ఎందుకన్నాడో నాకు తెలుసు. దావీదు నంగునూరు మాలవాడలో పుట్టినవాడు. అంతకు నెల ముందు నేనే అతన్ని వెంటబెట్టుకుని మూడు ఇళ్లకు తీసుకుపోయాను. మూడు చోట్లా గది చూపించారు, కిరాయి మాట్లాడారు, ఆఖరున ఎవరి బిడ్డవని అడిగారు. ఆ తర్వాత చుట్టాలు వస్తున్నారనో, గది కూలిపోయేట్టుందనో చెప్పి తలుపు వేసుకున్నారు. మూడో ఇంటి నుంచి తిరిగి వస్తుంటే దావీదు ఆ సంగతే ఎత్తలేదు. బ్రేకు లైనింగు అరిగిపోయిందని, మెకానిక్కుకు చెప్పమని అన్నాడు.

"మా బాపుని అడిగి చెప్త దావీదూ," అన్నాను.

నేను అడగలేదు. అడిగితే బాపు ఏమంటాడో, వాడవాళ్లు ఏమంటారో అని భయం. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ రోజులు గడిపాను. దావీదు మళ్లీ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. మరిచిపోయి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ నెలలోనే డ్రైవర్లకూ బస్సు సర్వీసు యాజమాన్యానికీ మధ్య కొత్త కరారు, అంటే ఒప్పందం, మాటలు మొదలయ్యాయి. హైదరాబాదు నుంచి మేనేజర్ సాబ్ వచ్చాడు. అడ్డా వెనక షెడ్డులో బెంచీలు వేశారు. రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. డ్రైవర్ల కోరికల్లో రెండు ముఖ్యమైనవి. వారానికి ఒకరోజు సెలవు ఒకటి. ఊళ్ల నుంచి వచ్చే డ్రైవర్లకు డ్యూటీ ముందురోజు పడుకోవడానికి అడ్డాలో ఒక గది, వచ్చిపోవడానికి సామాను లారీలో చోటు రెండోది.

మేనేజరు రెండూ విని, "రెండిట్ల ఒక్కటే అయితది. ఏదో మీరే తేల్చుకోండి," అని చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు.

ఆ అరగంటలో జరిగిన వాదన నాకు మాట మాటా గుర్తుంది. అందరిలోకీ పెద్దవాడు ఖాజా మియా ముందు మాట్లాడాడు. సిద్దిపేటవాడే, ఇరవై ఏళ్ల అనుభవం, ఎవరికి కష్టం వచ్చినా ముందు నిలబడే మనిషి.

"సెలవు అందరికి. గది నలుగురికి. దూరం ఉండుడు ఎవల ఇష్టం వాళ్లది. నౌకరి గీడ, కాపురం గాడ అంటె ఎట్ల భాయ్? మేమందరం కిరాయికి ఉంటలేమా?"

తొగుట డ్రైవరు మల్లయ్య లేచాడు. "నాకు రెండెకరాలు ఉన్నది. అది ఇడిసిపెట్టి రమ్మంటవా? గీ జీతం మీదనే బతుకుతమా మేము?"

"ఇడువకు. గని నీ ఎకరాల కోసం నా సెలవు ఎందుకు ఇడుస్త?"

కొందరు నవ్వారు. మల్లయ్యకు కోపం వచ్చింది. ఖాజా మియా దావీదు వైపు తిరిగాడు. "నీకు భూమి లేదు, జాగ లేదు. నువ్వు వచ్చి ఉండొచ్చు గద దావీదూ? నీకేమడ్డం?"

దావీదు తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టూ కాదు. మీరు చెబుతారా, నన్ను చెప్పుకోమంటారా అని అడిగినట్టుగా చూశాడు. పది మంది ముందు, నాకు ఎవరూ ఇల్లివ్వరు అని తన నోటితో చెప్పుకోవడం ఎంత కష్టమో ఆ చూపులో నాకు కనిపించింది. నేను కాగితం మీదికి వంగి, అంతకు ముందే రాసిన వాక్యాన్ని మళ్లీ దిద్దాను.

చేతులెత్తించారు. సెలవుకు ఎనిమిది, గదికి మూడు. దౌల్తాబాద్ డ్రైవరు కూడా సెలవు వైపే ఎత్తాడు.

మేనేజరు లోపలికి వచ్చి ఫలితం విన్నాడు. సంతకం పెట్టబోతూ ఆగి నన్ను అడిగాడు. "నర్సింలూ, సిద్దిపేటల కిరాయి ఇండ్లు దొరకవా ఏంది? వీళ్లు గది ఎందుకు అడుగుతున్నరు?"

"దొరుకుతయి సాబ్," అన్నాను.

నా మాటలో అబద్ధం ఏముందని ఎవరైనా అడగవచ్చు. సిద్దిపేటలో కిరాయి ఇళ్లు దొరుకుతాయి. నాకు దొరుకుతాయి, ఖాజా మియాకు దొరుకుతాయి. మేనేజరు తలూపి సంతకం పెట్టాడు. దావీదు లేచి, బెంచీని గోడ వారకు జరిపి బయటికి నడిచాడు.

వానలు పట్టుకున్నాయి. వారం రోజులు ఒకటే ముసురు. టాపు మీద పడుకునే వీల్లేక దావీదు అర్ధరాత్రే ఊరి నుంచి బయలుదేరేవాడు. ఆ రోజు దావీదు నాలుగున్నరకు సరిగ్గా అయిదు నిమిషాల ముందే వచ్చాడు. అతను రిపోర్టింగ్ టైం ఎన్నడూ తప్పలేదు. ఖాకీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది, మోకాళ్ల దాకా బురద. దారిలో సైకిలు చైను తెగితే సగం దూరం నడిపించుకుంటూ వచ్చాడట. తడి బట్టలతోనే బొగ్గు నింపి, పంకా తిప్పి, గ్యాసు పట్టించాడు. ట్రిప్ షీటు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు చూశాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెన్సిలుతో సంతకం పక్క గడిలో పెట్టాడు.

"నిద్ర పోయినవా?"

"నడుపుత సారూ."

నేనడిగింది ఒకటి, అతను చెప్పింది ఒకటి. స్పేర్ డ్రైవరు ఆ రోజు జ్వరమని రాలేదు. దావీదును ఆపితే బస్సు ఆగుతుంది. బస్సు ఆగితే హైదరాబాదుకు సంజాయిషీ నేనే రాయాలి. అప్పటికే ముప్పై మంది సీట్లలో కూర్చున్నారు. నేను షీటు మీద హాజరు వేసి సంతకం పెట్టాను.

ఎనిమిదిన్నర వేళ ప్రజ్ఞాపూర్ దాటాక బస్సు కల్వర్టు గోడను రాసుకుంటూ రోడ్డు దిగి పొలంలో ఒరిగింది. మెత్తటి దుక్కి కాబట్టి ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ఆడమనిషికి భుజం విరిగింది, ఇద్దరికి తలలు పగిలాయి. స్టీరింగుకూ తలుపుకూ మధ్య దావీదు కుడిచెయ్యి నలిగింది. మణికట్టు ఎముకలు ముక్కలయ్యాయని, రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చిందని సాయంత్రానికి కబురు తెలిసింది.

నెల తర్వాత విచారణ. అదే షెడ్డు, అవే బెంచీలు. దావీదు కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నిద్ర పోయినవా?" అని మేనేజరు అడిగాడు.

"కన్ను మూత పడ్డది సాబ్. తప్పు నాదే."

వానను గాని, సైకిలును గాని, గదిని గాని అతను ఒక సాకుగా చెప్పలేదు. మేనేజరు రాసుకోమన్నట్టు నా వైపు చూశాడు. నేను కలం కింద పెట్టాను. లేచి నిలబడి అంతా చెప్పాను. మూడు ఇళ్ల సంగతి, మా మగ్గం అర్ర సంగతి, ఆ పొద్దున ఎర్రబడిన కళ్ల సంగతి.

మేనేజరు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ దినం నేను అడిగింది నిన్నే గద నర్సింలూ."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఖాజా మియా దావీదు దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరు ఇడిసి రానంటున్నవ్ అనుకున్న గద రా. నీకు ఇల్లు ఇస్తలేరని ఒక్క మాట చెప్తె మా వాకిట్ల మంచమేస్తుంటి. నాకెందుకు చెప్పలే?" దావీదు నేల చూస్తూ, "ఎట్ల చెప్పాలె మియా," అన్నాడు.

విచారణ తర్వాత అడ్డా వెనక రేకుల గది కట్టారు. నాలుగు మంచాలు, ఒక కుండ, ఒక లాంతరు. కరారులో లేకపోయినా మేనేజరు తన పూచీ మీద కట్టించాడు. దావీదు పేరు మాత్రం జాబితా నుంచి తీసేశారు. స్టీరింగు తిప్పలేని మనిషికి బండి ఎవరిస్తారు? అడ్డాలో కాపలా పని ఇస్తామన్నారు. బస్సులు కళ్ల ముందు పోతుంటే చూస్తూ కూర్చోలేనని అతను రానన్నాడు.

ఒక ఆదివారం నేను నంగునూరు వెళ్లాను. దావీదు ఇంటి ముందు ఎడమచేత్తో పగ్గం పేనడం నేర్చుకుంటున్నాడు. అతని భార్య రూతమ్మ మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. క్షమించమని ఎలా అడగాలో తెలియక నేను వానల సంగతి మాట్లాడాను. అతనూ వానల గురించే మాట్లాడాడు. లేవబోతుంటే అన్నాడు.

"సారూ, మీ మీద నాకు కోపం లేదు. గని ఒక మాట. మీరు ఆ పొద్దే లేదంటె నేను ఇంకో జాగ చూసుకుందును. మసీదు ముంగట అరుగైనా అడుగుదును. అడిగి చెప్త అన్నరు. మీరు చెప్తరని ఎదురు చూసిన."

అతను గది గురించి మరిచిపోలేదు. నెల పైన డ్యూటీ పడ్డ ప్రతి పొద్దూ నా బల్ల ముందు నిలబడి, షీటు తీసుకుని, నా ముఖంలో జవాబు వెతుక్కుని వెళ్లాడు. నేను రోజూ అతని ముఖం చూసింది నిద్ర పోయాడా లేదా అని కాదు, మళ్లీ అడుగుతాడేమో అని.

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. ఆయన చుట్ట ఆర్పేశాడు. "నువ్వు అడిగుంటె నేను ఏమంటుంటినో నాకే తెల్వదు బిడ్డా. ఒద్దందునేమో. గని నువ్వు అడగకుంటనే నా పేరు చెప్పుకున్నవ్," అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్లీ రాలేదు.

నేను ఆ పనిలో ఇంకా ఇరవై ఏళ్ల పైనే ఉన్నాను. బొగ్గు బస్సులు పోయాయి, పెట్రోలు బస్సులు వచ్చాయి, కొత్త కరార్లు చాలా రాశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు, దూరం ఉండడం వాళ్ల ఇష్టం కదా అనేవారు. నేను కలం ఆపి, చేతులెత్తే ముందు దూరం నుంచి వచ్చేవాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఎందుకు దూరం ఉంటున్నారో అడిగేవాణ్ని. కొందరు భూమి అన్నారు, కొందరు ముసలి తల్లి అన్నారు. ఒకరిద్దరు నేల చూశారు. నేల చూసినవాళ్ల తరఫున నేనే లేచి మాట్లాడాను. పొద్దుటి బండికి సంతకం పెట్టే ముందు, రాత్రి ఎక్కడ పడుకున్నావని అడగడం కూడా నాకు అలవాటైంది. ఆ అలవాటు వల్ల కొన్ని బస్సులు ఆగాయి. కొన్ని సంజాయిషీలు రాశాను. రాయడం అంత కష్టమేమీ కాలేదు.

ఇది మంచి టైంకీపర్ లక్షణమని నా తర్వాత వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాది కాదని వాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నేను పని నేర్చుకున్నది ఒక మంచి డ్రైవరు చెయ్యి పోయాక. దావీదు మళ్లీ స్టీరింగు పట్టలేదు.