గెలవని జెండా

జయరాజ్ సిమెంటు బస్తాలు మోసేవాడు. జగ్గయ్యపేట బయట, హైవే పక్కన ఫ్యాక్టరీలో లోడింగు ముఠా. తెలిసిన పని అదొక్కటే.

ముఠాలో వంతు రావాలంటే యూనియన్ కార్డు ఉండాలి. ఏ యూనియన్ అన్నది ఓట్లు తేలుస్తాయి. ప్రభుత్వం మారితే గేటు దగ్గర బోర్డు మారుతుంది, నాయకుడు మారతాడు, మోసేవాళ్ళు కొత్త కార్డు తీసుకుంటారు. బస్తా బరువు మారదు. దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. వాన పడితే గోతం నెత్తిన కప్పుకున్నట్టు కార్డు తీసుకునేవాళ్ళు.

గేటు ముందు జెండా గొట్టం. కప్పీ తుప్పుపట్టి తాడు కదలదు. ఎవరో ఒకరు ఎక్కి కట్టాలి. ఎక్కడం జయరాజ్‌కు వచ్చు. ఇటువాళ్ళకూ కట్టాడు, అటువాళ్ళకూ కట్టాడు.

కౌంటింగు రోజు పొద్దున టీకొట్లో టీవీ చుట్టూ అందరూ మూగారు. మొదట్లో అధికారంలో ఉన్న పార్టీకే ఆధిక్యం కనిపించింది. అప్పటి యూనియన్ నాయకుడు ప్రేమదాసు ఈల వేశాడు.

"ఒరే జయరాజ్, మళ్ళీ మనమే. పాతది వెలిసిపోయింది, కొత్తది కట్టరా."

జయరాజ్ ఎక్కి కట్టాడు. కింద ఎవరో చప్పట్లు కొడితే పైనుంచి చెయ్యి ఊపాడు. ఎవరో ఫోన్లో తీశారు.

మధ్యాహ్నానికి లెక్క తిరగబడింది. ఆ పార్టీ ఓడిపోయింది.

కొత్త యూనియన్‌కు నిసార్ నాయకుడయ్యాడు. నిసార్, జయరాజ్ ఏళ్ళ తరబడి ఒకే లారీకి ఎత్తినవాళ్ళు. కార్డుకోసం వెళితే నిసార్ కుర్చీ చూపించలేదు.

"నిసార్ భాయ్, నేను నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే చెప్తున్నా అన్నా. కొత్త ఎమ్మెల్యే గారి ఫోన్లో ఉన్నావు నువ్వు. గొట్టం మీద కోతిలాగా చెయ్యి ఊపుతా."

పక్కవాళ్ళు నవ్వారు. జయరాజ్ కూడా నవ్వబోయాడు.

"సాయంత్రమైతే నీకే కట్టేవాణ్ణి కదా."

"ఆగాల్సింది. తొందరెందుకు పడ్డావు?"

జయరాజ్ ప్రేమదాసు ఇంటికి వెళ్ళాడు. ప్రేమదాసు మెడలో కొత్త కండువా ఉంది.

"నేను మారిపోయా. నువ్వేందిరా ఇంకా అక్కడే ఉన్నావ్?"

నందిగామలో కార్మిక అధికారిని కలిశాడు. అధికారి మర్యాదగా కూర్చోమన్నాడు.

"కంపెనీ మిమ్మల్ని తీసేసిందా?"

"లేదండి. యూనియన్ వాళ్ళే రానీట్లేదు."

"మీరు అక్కడ పనివారని ఎవరు చెప్పాలి?"

జయరాజ్ ఆలోచించాడు. "యూనియనేనండి."

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్కసారి గేటు దగ్గరికొచ్చి చూడండి సార్."

"ఒకప్పుడు తనిఖీకి చెప్పకుండా వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలో కంప్యూటరే చెప్పాలి. మీ ఫ్యాక్టరీ పేరు రాలేదండి." గొంతు తగ్గించాడు. "మీవాళ్ళు వచ్చేదాకా ఓపిక పట్టండి."

"మావాళ్ళంటే ఎవరండి?"

అధికారి తర్వాతి మనిషిని పిలిచాడు.

తర్వాత కూడా రోజూ గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల నిలబడేవాడు. ఒక ఉదయం ముఠాలో మనిషి తక్కువయ్యాడు. లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. నిసార్ రోడ్డు అవతలికి చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. జయరాజ్ తలగుడ్డ బిగించి ఒక అడుగు రోడ్డు మీద పెట్టాడు. నిసార్ తానే చొక్కా విప్పి బస్తా కిందికి వంగాడు.

జయరాజ్ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లో భార్య కృపావతి మిరపకోతకు వెళ్ళి వచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంది.

"మళ్ళీ ఎలక్షన్లు ఎప్పుడే?"

ఆమె చెప్పింది.

అప్పటికి అతనికి యాభై దాటుతుంది. యాభై దాటినవాణ్ణి ఏ రంగు యూనియనూ ముఠాలోకి తీసుకోదు. ఆమె చేతులు మండుతున్నాయంటూ మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకుంది.