మంద తొక్కిన కట్ట

అద్దంకి బస్సులో పక్కన కూర్చున్నవాడు తెలియనివాడైతే, మా పొలంలో డ్యాము ఉందని చెబుతాను. తాటిచెట్టంత ఎత్తనీ, ఈ చివర కేకేస్తే ఆ చివర వినపడదనీ, నీళ్లలో మొసలి ఉందని అనుమానమనీ అంటాను. అతను మా ఊరి స్టాపులో దిగకపోతే చాలు, నా డ్యాముకు ఢోకా లేదు.

చదివేవాళ్లు వెనక్కి తిప్పి చూసుకోగలరు గనుక మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అది మట్టికట్ట. కింద నించుని చెయ్యెత్తితే పై అంచు అందుతుంది, నేను పొట్టివాణ్ణి. కేకేస్తే అవతలి చివర వినపడటమే కాదు, అక్కడ పత్తి తీసేవాళ్లు తిరిగి తిడతారు కూడా. మొసలి లేదు. తాబేలు ఒకటుంది.

మా పొలం సాగరు కాలువకంటే మెరకలో ఉంది. నీళ్లు మా కళ్ల ముందే పల్లాన పోతాయి, పైకి ఎక్కవు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. చేను మధ్యలో వాన కురిసినప్పుడు మాత్రం పారే వంక ఉంది. దానికి రెండు పక్కలా నేల నాదే. అడ్డంగా మట్టి పోసి నీళ్లు నిలబెట్టాను. వానలు వెళ్లాక ఆయిల్ ఇంజను పెట్టి తోడితే మిరపకు తడులు, మిగిలితే పత్తికి కాస్త. ఆ మట్టంతా నేనే తట్టలతో మోశానని మనవళ్లకు చెప్పాను. ట్రాక్టరు మోసింది. ఎక్కడ పొయ్యాలో నేను వేలు చూపించాను. చూపించీ చూపించీ సాయంత్రానికి వేలు నొప్పెట్టిన మాట మాత్రం నిజం.

కట్ట లేచాక దాని మీద కంది వేశాను. మా వైపు గట్టు ఖాళీగా ఉంటే రైతు చెయ్యి ఊరుకోదు. ఏ ఇంట్లో పప్పు ఉడికినా చాలావరకు అది గట్టు మీది కందే. పైగా కొత్త మట్టి, కింద నీటి చెమ్మ, మొక్కలు నా నెత్తి దాటి పెరిగాయి. కాయ కోశాక మోళ్లు పీకి పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్లం. ఏటా అదే వరస. కట్ట నాకు నీళ్లూ ఇచ్చింది, పప్పూ ఇచ్చింది, వంటచెరకూ ఇచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మొన్నటి వానాకాలం చివర, వాయుగుండం వస్తోందని ఫోన్లన్నీ మోగుతున్నప్పుడు, కింది చేను అమ్మాయి వచ్చింది. నా తమ్ముడి వరసవాడి కూతురు. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు, మిరప తోట మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది. ఆ తోట సరిగ్గా నా కట్ట దిగువన.

"కట్ట కారుతోంది పెదనాన్నా."

"చెమట పట్టింది లేమ్మా. అన్ని నీళ్లు మోస్తోంది గదా."

"చెమట తేటగా ఉంటది. ఇది బురద కలిసి వస్తోంది. వచ్చి చూడు."

చూశాను. కట్ట అడుగున చిటికెన వేలంత ధార, బురద రంగులో. రేపు చూద్దాం అన్నాను. ఆమెకు నా రేపు సంగతి తెలుసు. మర్నాడు పొద్దున్నే నీళ్ల ఆఫీసు ఇంజనీరును బైకు మీద వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడు మర్యాదస్తుడు, చెప్పులు విడిచి కట్ట ఎక్కాడు.

"పర్మిషన్ ఉందాండీ?" అన్నాడు.

"నా చేలో గట్టు వేసుకున్నానండీ. కాస్త ఎక్కువ పెరిగింది."

అతను నవ్వి, కంది మొక్కల వైపు చూశాడు. "ఇవెవరు వేశారు?"

"నేనే," అన్నాను, ఛాతీ కాస్త పొంగింది. "వెళ్లేటప్పుడు పచ్చికాయ కోసుకెళ్లండి."

అతను కాయ కొయ్యలేదు. పలుగు అడిగి తీసుకుని, నిరుడు మోడు పీకిన చోట తవ్వాడు. కుళ్లిన వేరు వెంబడే సన్నటి బొక్క కట్ట కడుపులోకి దిగింది. ఇంకోచోట తవ్వాడు, అక్కడా అంతే. నల్లరేగడి మామూలుగానే వేసవిలో నెర్రెలిస్తుంది. "నెర్రెలు చాలవని మీరు గొట్టాలు కూడా వేశారు," అన్నాడు. "వాన రాకముందే గండి కొట్టించి నీళ్లు మెల్లగా వదిలెయ్యండి. దానంతట అది తెగితే కింద ఒక్క మొక్క మిగలదు."

అతను చెప్పింది తప్పని అనలేను. కానీ ఈ వయసులో కట్ట తెంపితే మళ్లీ కట్టలేనని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

"కొట్టను," అన్నాను.

"నువ్వు కొట్టకపోతే నేను కొడతా పెదనాన్నా. నాకూ ఉంది పలుగు."

"కొట్టు. ఎండాకాలం నీ బావిలోకి ఊట ఎక్కణ్ణుంచి వస్తదో ఆ పలుగునే అడుగు."

ఆమె తన బావి వైపు తిరిగి చూసింది. నా కట్ట నీరు ఇంకబట్టే ఆ బావి ఎండదు. తర్వాత నెమ్మదిగా అంది, "బావి ఎండాకాలం సంగతి. తోట ఈ వారం సంగతి." జవాబు ఉన్నవాడిలా ముఖం పెట్టాను.

ఇంజనీరే మధ్యలో దిగాడు. కట్ట ఉండాలంటే కంది మొత్తం పీకాలి, బొక్కలన్నీ తవ్వి, తడి మట్టి పల్చగా పొరలు వేసి గట్టిగా తొక్కించాలి, నీళ్లు పొర్లిపోయే అలుగు ఒక మూర దించాలి. "రోలరు అయితే మంచిది," అన్నాడు. తడిసిన రేగడిలోకి రోలరు వస్తే దాన్ని తియ్యడానికి ఇంకో రోలరు కావాలి. అదే మాట అన్నాను. "అయితే మీ ఇష్టం, వాన మాత్రం ఆగదండీ," అని బైకెక్కాడు.

నా రోలరు నా చిన్ననాటి నేస్తం దగ్గరుంది. వాడికి గొర్రెల మంద ఉంది. మా ఊళ్లో పైరు లేనప్పుడు చేలో మంద పెట్టించుకుంటాం, ఎరువు కోసం. మంద పడుకుని లేచిన నేల ఎట్లా గట్టిపడుతుందో దాన్ని దున్నినవాడికే తెలుసు, నాగలి పళ్లు కొరుకుతుంది. వాడింటికి వెళ్లాను.

"ఒరేయ్, నీ మంద నా కట్ట మీద నడవాలి."

"ఎంతసేపు?"

"కట్ట గట్టిపడేదాకా."

"మనిషివి ముసలాడివయ్యావుగానీ బుద్ధి రాలేదురా నీకు," అని కర్ర తీసుకుని లేచాడు. అలుగు పక్కనున్న బీడులో వాన వెలిశాక మందకు మేత ఇస్తానన్నాను. అసలు వాడు వచ్చింది మేత కోసం కాదు, నేను బురదలో పడితే చూద్దామని.

కంది పీకుతుంటే మా ఆవిడ గట్టు కింద నించుని, "సంవత్సరం పప్పు పోయింది," అంది. నేను వినపడనట్టు పీకాను. కింది చేను అమ్మాయి తన కూలీలతో, పారలతో వచ్చింది. "నీ కోసం కాదు, నా మిరప కోసం," అని ముందే చెప్పింది. బొక్కలు తవ్వాం, మట్టి పోశాం, నీళ్లు చిలకరించాం. ఇక మంద ఎక్కాలి. ఎక్కలేదు. పీకిన కంది పక్కన కుప్ప పోశాం గదా, గొర్రెలన్నీ దాని మీద పడ్డాయి. నా నేస్తం అరిచాడు, నేను అరిచాను, అవి నములుతూ మా వంక చూశాయి. అప్పుడు ఆ అమ్మాయి పచ్చికాయలున్న కంది కొమ్మ ఒకటి లాక్కుని కట్ట ఎక్కి నడిచింది. ముందు మందను నడిపే మేకపోతు, వెనక గొర్రెలు మొత్తం. ఆ చివర తిరిగి ఈ చివరకు. మేం పొర వెయ్యడం, ఆమె కొమ్మ పట్టుకుని నడవడం. ఏ కంది కట్టను తొలిచిందో ఆ కంది వెనకాలే మంద కట్టను తొక్కింది. ఈ ఉపాయం నాదేనని టీకొట్టు దగ్గర చెబుతున్నాను. ఆమెదని ఇక్కడ రాస్తున్నాను.

అలుగు మాత్రం నేను దించాను. మూర దించితే ఎన్ని నీళ్లు పోతాయి. జానెడు దించి, అయిపోయిందన్నాను. ఆమె వచ్చి మోచెయ్యి ఆనించి చూసింది.

"ఇది మూరా పెదనాన్నా?"

"నేను పొట్టివాణ్ణమ్మా. నా మూర అంతే."

ఆమె పార తీసుకుని మిగతాది తవ్వింది. నేను ఒడ్డున కూర్చుని అడ్డుచెప్పాను. పార ఆగలేదు.

వాన వచ్చింది. మొదటి రోజు ఊరికే పడింది, రెండో రోజు పగబట్టి పడింది. మధ్యాహ్నానికి వంక ఎర్రగా పొంగి అలుగు మీంచి దూకింది. గండి పడబోతే నేను అడ్డంగా పడుకుని ఆపానని ఊళ్లో ఒక కథ తిరుగుతోంది. దాన్ని తిప్పింది నేనే. నేను కాలుజారి బురదలో కూలబడ్డాను, లేవలేకపోయాను. మా ఆవిడ గొడుగు గాలికి ఎటో పోయింది. నా నేస్తం కడుపారా నవ్వుకుని, ఆ తర్వాత రెక్క పట్టుకుని లేపాడు.

ఆ అమ్మాయి మా ఇద్దరినీ చూడలేదు. కట్ట అడుగున గొంతుక్కూర్చుని ధారకు దోసిలి పట్టింది. చాలాసేపు పట్టింది.

"తేటగా వస్తోంది," అంది చివరకు.

వంక పక్కనున్న సాళ్లు మాత్రం అలుగు నీటికి ఒరిగిపోయాయి. వాటి వైపు చూసి, "నీ మూరతోనే ఉండుంటే తోటంతా ఇట్టాగే పడుకునేది," అని నా భుజం మీది బురద తుడిచింది.

వాన వెలిశాక ఇంజనీరు మళ్లీ వచ్చాడు. మడమతో అక్కడక్కడ తన్ని చూశాడు. "నిలబడిందండీ. కానీ అర్జీ పెట్టుకోండి. లేకపోతే రేపెవరైనా వచ్చి తీసెయ్యమంటారు."

"అర్జీ పెడతానండీ. తీసెయ్యమనేవాళ్లను మాత్రం ముందు కింది చేలోకి పంపించండి. ఆ అమ్మాయితో మాట్లాడి, ఆ తర్వాత నా దగ్గరికి రమ్మనండి."

కింది చేలోంచి ఆమె తలెత్తకుండానే అంది, "రమ్మనండి సార్. నా పలుగు ఇక్కడే ఉంది."

మిరప పూత మీదున్నప్పుడు కట్ట మీద నడుస్తుంటే కంది మొలక ఒకటి కనపడింది. మంద నమిలి వదిలిన గింజ అయ్యుంటుంది. ముచ్చటగా, లేతగా ఉంది. ఒక్క మొక్క ఏం చేస్తుంది అనిపించింది. దానికి అడ్డంగా నించున్నాను.

"కాళ్ల కింద ఏం దాచావు పెదనాన్నా?"

"తాబేలు."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. వంగి వేరుతో సహా పీకి, ఆ బొక్కలో మట్టి కూరి, మడమతో తొక్కాను. ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు.

కంది పత్తిచేను గట్టుకు పోయింది. కట్ట కట్టలాగే ఉంది, ఎవరేమన్నా ఉంటుంది. బస్సులో మాత్రం ఇప్పుడు రెండు మొసళ్లున్నాయి.