దొరబాబు మీద నుంచి దిగడం

ఆ రోజుల్లో ఉద్యోగం అడగడానికి వెళ్ళినవాళ్ళం, ఏది అడిగినా "వచ్చండీ" అనే చెప్పేవాళ్ళం. కంప్యూటరు వచ్చా అంటే వచ్చండీ, ఇంగ్లీషులో మాట్లాడటం వచ్చా అంటే వచ్చండీ. అబద్ధమాడాలని కాదు. ముందు లోపలికి వెళ్తే మిగతాది ఎవరో ఒకరు నేర్పకపోతారా అన్న ధీమా. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ ధీమా ఎంత గట్టిగా ఉంటుందంటే, ఎదుటివాళ్ళకు అదే ఒక అర్హతలా కనిపిస్తుంది. నేను గుర్రం ఎక్కింది ఆ ధీమాతోనే. దిగడం గురించి మాత్రం ముందుగా ఆలోచించలేదు.

గుడివాడ బస్టాండు దగ్గర ఒకాయనకు ఎస్టీడీ బూత్ ఉండేది. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు రావడంతో ఆ అద్దాల గది ఖాళీ అయిపోయి, ఆయన దానికి కొత్త బోర్డు కట్టించి ట్రావెల్స్ పెట్టారు. వ్యానులో జనాన్ని పొద్దున్నే మోపిదేవి తీసుకెళ్ళి, హంసలదీవిలో స్నానాలు చేయించి, సాయంత్రానికి తిరిగి దించేవారు. అది బాగానే నడిచేది. కానీ మా ఓనరు గారు ఒకసారి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ సముద్రం ఒడ్డున నాలుగు చక్రాల బైకులు చూసి వచ్చారు. వచ్చినప్పటి నుంచీ ఆయనకు దేవుళ్ళ మీద ధ్యాస తగ్గింది. ఎక్కడి నుంచో వాడేసిన బైకులు రెండు తెప్పించి, మంగినపూడి బీచికి చేర్చి, కరపత్రం అచ్చు వేయించారు: "ఒక్క రోజులో గుర్రపు స్వారీ, నాలుగు చక్రాల బైకు, చేపల పులుసుతో భోజనం. అనుభవజ్ఞులైన గైడు పర్యవేక్షణలో." కరపత్రం ముందు అచ్చయింది, గైడు కోసం వెతకడం తర్వాత మొదలైంది.

"గుర్రం ఎక్కడం వచ్చామ్మా?" అని అడిగారు.

"వచ్చండీ."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా ఊళ్ళోనండీ." (మాది పామిడిముక్కల దగ్గర ఒక పల్లె. అక్కడ గేదెలున్నాయి, బాతులున్నాయి, మూడు ట్రాక్టర్లున్నాయి. గుర్రాన్ని మాత్రం నేను సండే స్కూలు బొమ్మల్లోనే చూశాను.)

"మరి ఆ బైకులు తోలడం వచ్చా?"

"ట్రాక్టరు తోలతానండీ." ఇది మాత్రం నిజం. ఆయన దానికి పెద్దగా విలువ ఇచ్చినట్టు కనపడలేదు.

అంత అబద్ధం ఎందుకాడానంటే, ఇంట్లో నాన్న నాకు నెల గడువు పెట్టారు. ఆ నెలలో ఉద్యోగం దొరికి నిలబడితే సరి, లేకపోతే బీఈడీలో చేరాలి. టీచరు ఉద్యోగం మంచిదే, కానీ నలుగురి ఎదుటా సుద్దముక్క పట్టుకుని నిలబడటం నాకు అప్పట్లో బొత్తిగా ఇష్టం లేదు. ఆరుబయట తిరిగే పని ఏదైనా సరే అనుకున్నాను. అమ్మ చర్చిలో ఆడవాళ్ళ కూటంలో నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయించింది. ఏం ఉద్యోగమో మాత్రం పాస్టరమ్మ గారికి చెప్పలేదు.

మొదటి ట్రిప్పుకు ఎనిమిది రోజుల గడువుంది. రోజూ తెల్లవారగానే బస్సెక్కి బందరు వెళ్ళేదాన్ని. అక్కడ పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు ఇచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఆయన దగ్గర దొరబాబు అని ఒక తెల్లగుర్రం, దానికంటే కాస్త పొట్టిగా ఒక ఆడగుర్రం. నా సంగతి ఆయనకు మొదటి నిమిషంలోనే చెప్పేశాను, ఎందుకంటే గుర్రం దగ్గర అబద్ధం చెల్లలేదు. దొరబాబు నన్ను ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"వీడు మంచోడేనమ్మా" అన్నారు బాబాయి గారు. "పదేళ్ళ నుంచి పెళ్ళికొడుకుల్ని మోస్తన్నాడు. తొందర తెలీదు వీడికి. ఒకటే చిక్కు. పట్టుబట్టలు, కెమెరా కనపడితే ఆగిపోతాడు. ఫొటో తీసిందాకా కదలడు."

ఆయన ఇంటి అరుగు మీద నుంచి నేను దొరబాబు మీదికి ఎక్కేదాన్ని. వీధిలో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ అదే అరుగు పక్కకు తెచ్చి, అరుగు మీదికే దిగేదాన్ని. ఎనిమిదో రోజుకు నడుం నిటారుగా పెట్టి, పగ్గం ఒంటి చేత్తో పట్టుకుని, ఎదురొచ్చిన పాలాయనకు తల ఊపే స్థాయికి వచ్చాను. తొడలు కాయలు కాచాయి. రాత్రుళ్ళు బోర్లా పడుకునేదాన్ని. ఎందుకమ్మా ఇదంతా అని అమ్మ అడిగితే, బస్సుల్లో సీటు దొరకడం లేదన్నాను.

మొదటి ట్రిప్పుకు వచ్చినవాళ్ళు ముదినేపల్లి వైపు రిటైరైన టీచర్లు, తొమ్మిది మంది. వ్యాను తలుపు తీసి "నమస్కారమండీ, నేను మీ గైడు" అనేసరికి ముందు సీట్లోంచి ఒకావిడ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. తొమ్మిదో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన పెద్ద టీచరు గారు. బదిలీ మీద మా హైస్కూలుకు వచ్చి రెండేళ్ళున్నారు. నీరుకావి చీర, కాళ్ళకు కొత్త కాన్వాసు బూట్లు.

"నువ్వు గుర్రం ఎక్కుతావా? ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచండీ."

మాలో ఎవరైనా పక్కవాళ్ళది చూసి రాసిన లెక్కను దిద్దేటప్పుడు, జవాబు సరిగ్గానే ఉన్నా ఆవిడ పెన్ను కాసేపు పేజీ మీద ఆగేది. అప్పుడు చూసే చూపే ఇప్పుడూ చూశారు.

పొద్దుటి కార్యక్రమం బాగానే జరిగింది. వ్యాను వెనక మెట్టును అరుగు అనుకుని నేను దొరబాబును ఎక్కాను. బాబాయి గారు ఆడగుర్రాన్ని పట్టుకుని ఒక్కొక్కరినీ వంద గజాలు తిప్పుకొచ్చారు. సైన్సు మేష్టారు ఒకాయన ఎక్కినంతసేపూ కళ్ళు మూసుకుని, దిగాక సముద్రం చాలా బాగుందన్నారు. చివరికి పెద్ద టీచరు గారి వంతు వచ్చింది. అటు చివర సరుగుడు తోట దాకా వెళ్ళాలన్నారు, పగ్గం ఎవరూ పట్టుకోకూడదన్నారు.

"ఆయన పట్టుకుంటే అది స్వారీ కాదమ్మా, ఊరేగింపు. నేను ఊరేగడానికి రాలేదు. నువ్వు ముందు నడువు, నీ వెనక నేనొస్తాను."

దొరబాబు ముందుంటే ఆడగుర్రం వెనకే వస్తుందని బాబాయి గారు ధైర్యం చెప్పారు. ఓనరు గారు దూరం నుంచి నన్నే చూస్తున్నారు. ఇక్కడ వెనక్కి తగ్గితే సోమవారం బీఈడీ దరఖాస్తే. సరేనండీ అన్నాను.

తోట దాకా మాకు ఏ ఇబ్బందీ రాలేదు. నిజం చెప్పాలంటే, తడి ఇసుక మీద గిట్టల చప్పుడు, పక్కన కెరటాలు, వెనక మా లెక్కల టీచరు, నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. అప్పుడే సరుగుడు చెట్ల మధ్య నుంచి పట్టుపంచె కట్టుకున్న పెళ్ళికొడుకు, ఎర్రచీర పెళ్ళికూతురు, వాళ్ళ వెనక వీడియో ఆయన బయటికి వచ్చారు. ఇంటి దగ్గర తాళి కట్టించి, ఫొటోల కోసం ఇక్కడికి తీసుకొచ్చారట. దొరబాబు చెవులు నిలబెట్టాడు. నేను పగ్గం ఎటు లాగినా లెక్కచెయ్యకుండా, నిదానంగా, మర్యాదగా నడుచుకుంటూ వెళ్ళి పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డాడు.

"మీరెవరండీ?" అన్నాడు పెళ్ళికొడుకు.

"గైడునండీ."

"ఎవరికి?"

వెనక్కి చూపించాను. పెద్ద టీచరు గారు ఆడగుర్రంతో సహా వచ్చి పెళ్ళికూతురి పక్కన ఆగారు. వీడియో ఆయన సంబరంగా ఫొటోలు తీశాడు. (బందరులో ఎవరింట్లోనో పెళ్ళి ఆల్బంలో నేను ఇప్పటికీ ఉండే ఉంటాను, టోపీ పెట్టుకుని.) ఆ పైన ఆయన "మేడం, మీరు దిగితే పెళ్ళికొడుకును ఎక్కిస్తాం" అన్నాడు.

నేను చుట్టూ చూశాను. అరుగు లేదు. వ్యాను మెట్టు లేదు.

"దిగమ్మా, అడుగుతున్నారుగా" అన్నారు టీచరు గారు.

"దిగడం రాదండీ."

"ఎక్కడం?"

"అరుగు మీద నుంచైతే వచ్చండీ."

"చిన్నప్పటి నుంచి అన్నావు."

"ఎనిమిది రోజుల నుంచండీ."

"ముందే చెప్తే నిన్ను నమ్ముకుని ఎక్కేదాన్ని కాదు" అన్నారు. వెనక్కి తిరిగి, వచ్చిన దూరం చూసుకుని, "ఎక్కకపోతే ఇక్కడిదాకా వచ్చేదాన్నీ కాదులే" అన్నారు.

ఇంతలో బైకు మోత వినపడింది. మేమెంతకీ తిరిగి రాకపోయేసరికి ఓనరు గారు తెల్లచొక్కాతో, నాలుగు చక్రాల బండి మీద, కెరటాల అంచునే వస్తున్నారు. మంగినపూడి ఒడ్డు చూడటానికి ఇసుకే, లోపలంతా నల్లటి బంకమట్టి. చూస్తుండగానే బండి ముక్కు కిందికి దిగింది. ఆయన ఇంకా గట్టిగా తిప్పారు. చక్రాలు అక్కడే తిరిగి బురదంతా ఆయన చొక్కా మీదికి చిమ్మాయి. అప్పుడే పోటు మొదలవుతోంది. ఒక కెరటం వచ్చి చక్రాలను తడిపి వెళ్ళింది.

"ఇప్పుడు దిగాల్సిందే" అన్నారు టీచరు గారు. "కుడికాలు రికాబులోంచి తీసెయ్యి. వెనక నుంచి ఇటు తిప్పు. పొట్ట జీను మీద ఆనించి, ఎడంకాలు కూడా తీసి, జారు."

"మీకెలా తెలుసండీ?"

"తెలియదు. ఇంకో దారి కనపడటం లేదు."

జారాను. ఇసుకలో కూలబడ్డాను, కానీ కిందికైతే వచ్చాను. లేచి ఆవిడ గుర్రం పక్కన వంగితే, నా వీపు మీద కాలు పెట్టి ఆవిడ దిగారు. (గురువుల పాదధూళి అంటారు. బూటు అచ్చు నా చొక్కా మీద రెండు ఉతుకుల దాకా పోలేదు.) అక్కడి నుంచి బండి దగ్గరికి పరిగెత్తాను. ఓనరు గారు దిగి వెనక నుంచి తోస్తున్నారు. పెళ్ళికొడుకు పంచె ఎగగట్టి ఆయనకు సాయం పట్టాడు. తోసిన కొద్దీ బండి ఇంకా దిగుతోంది.

అది చూసేసరికి నాకు భయం పోయింది. రేగడిలో దిగబడ్డ బండి ఎలా వస్తుందో మా పొలాల్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. "తొయ్యకండి, ఆపండి" అన్నాను. "చక్రాల కింద తుక్కు వెయ్యాలి. సరుగుడు మండలు తెండి, అందరూ తెండి." ఎవరికి చెప్తున్నానో చూసుకోలేదు. టీచరు గారు తెచ్చారు, వీడియో ఆయన కెమెరా పెళ్ళికూతురికి ఇచ్చి తెచ్చాడు, ఓనరు గారు కూడా తెచ్చారు. మోకాళ్ళ దాకా దిగి, చేతుల్తో బురద తోడి, నాలుగు చక్రాల కిందా మండలు కుక్కాను. నడుం దాకా కెరటం వచ్చి కొట్టింది, లేచి మళ్ళీ కుక్కాను. తర్వాత బండెక్కి, ట్రాక్టరును వరిచేలోంచి గట్టెక్కించినట్టే, మెల్లగా, ఆగకుండా పోనిచ్చాను. ముక్కు లేచింది. వెనకవాళ్ళు ఒక్క తోపు తోశారు. పొడి ఇసుకలోకి వచ్చిపడ్డాం.

ఓనరు గారు చెట్టు కింద కూర్చుని మొహం తుడుచుకున్నారు. "నాకు గుర్రం రాదండీ" అని చెప్పేశాను, అడగకముందే.

"చూశానమ్మా" అన్నారు. "నాకూ ఈ బండి రాదు. అమ్మినాయన స్టార్టు చేసి చూపించాడు. అంతవరకే వచ్చు."

మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాక తొమ్మిది మందీ చేతులు తుడుచుకుంటున్నారు. బైకుల కార్యక్రమం వద్దని అందరి మొహాల్లోనూ ఉంది. వద్దంటే ఇక ఓనరు గారు ఈ ట్రిప్పులు ఆపేస్తారు, నా ఉద్యోగం మొదటి రోజే ఆఖరి రోజు. లేచి నిలబడ్డాను. నలుగురి ఎదుటా నిలబడటం ఇష్టంలేకే ఈ ఉద్యోగానికి వచ్చానన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. "నాకు గుర్రం రాదండీ, అబద్ధం చెప్పాను. ఈ బండి మాత్రం వచ్చు, ఇందాక చూశారు. పొడి ఇసుక మీదే తీసుకెళ్తాను, మెల్లగా. ఇష్టమైనవాళ్ళే రండి" అన్నాను.

సైన్సు మేష్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పెద్ద టీచరు గారు బూట్ల తాళ్ళు బిగించుకుని లేచారు. వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు.

"వెనకండీ, వెనక కూర్చోవాలి" అన్నాను.

"వెనక నువ్వు కూర్చో. ముప్పై రెండేళ్ళు బల్లల మధ్యే నడిచానమ్మా. ఎటు తిరిగినా నాలుగడుగులకు గోడ వచ్చేది. ఇవాళ గోడ లేదు. ఏది నొక్కాలో చెప్పు."

చెప్పాను. ఆవిడ నొక్కారు. జుట్టుముడి ఊడి నా మొహానికి కొట్టుకుంటుంటే, బీచి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళాం. "ఇంకొంచెం నొక్కనా?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు, నొక్కేశారు. మేం తిరిగి వచ్చేసరికి మిగిలిన ఎనిమిది మందీ వరుసలో నిలబడి ఉన్నారు, సైన్సు మేష్టారు అందరికంటే ముందు.

ఆ ట్రిప్పులు రెండేళ్ళు నడిచాయి. ఆ తర్వాత ఉప్పుగాలికి బండ్లు తుప్పుపట్టిపోవడంతో ఓనరు గారు మళ్ళీ దేవుళ్ళ వైపు వచ్చేశారు. నేను ఈలోగా గుర్రం మీద నుంచి దిగడం బాగానే నేర్చుకున్నాను. అప్పటికి అది ఎవరికీ అవసరం లేకుండా పోయింది. పెద్ద టీచరు గారు మాత్రం మరో మూడుసార్లు వచ్చారు, ప్రతిసారీ కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని.

ఇప్పుడు బెజవాడలో పెద్ద షాపింగు మాల్‌కు వెళ్తే, కదిలే మెట్ల ముందు నేను ఆగిపోతాను. ఏ మెట్టు మీద కాలు వెయ్యాలో తేల్చుకోలేక, నా వెనకవాళ్ళకు దారి ఇచ్చి, లిఫ్టు ఎక్కడుందో వెతుక్కుంటాను. మా అమ్మాయి పై అంతస్తులో నిలబడి "అమ్మా, ఏం కాదు, వచ్చేసెయ్" అని పిలుస్తుంది. నడుం దాకా నీళ్ళలో నిలబడి, పట్టుపంచె పెళ్ళికొడుకు చేత మండలు మోయించిన ఆ పిల్ల నేనేనని దానికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. నమ్మకపోవడంలో దాని తప్పేమీ లేదు. లిఫ్టులో నిలబడి, అద్దంలో నా మొహం చూసుకుంటే నాకే నవ్వొస్తుంది.