పైనున్నాయి దీదీ

ప్లాంటు పక్కనున్న మా క్యాంప్ 1 బస్తీలో కంప్యూటర్లు బాగుచేసే భయ్యా ఏం అడిగినా చూపుడువేలు ఆకాశంకేసి ఎత్తేవాడు. "అన్నీ పైనున్నాయి దీదీ, ఏటి భయం?" పైన అంటే ఇంటర్నెట్లో అని.

పోయిన మా అమ్మ ఫొటోలన్నీ అలాగే పైకెక్కించాడు. జాగా ఖాళీ అవుతుందని కంప్యూటర్లోవి చెరిపేశాడు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతాయని ఆ మహానుభావుడికి తెలీదు. రెండు నెలల తర్వాత చూసుకుంటే ఒక్కటీ లేదు. అప్పుడూ వేలెత్తి, "పైనే ఉండాలే!" అన్నాడు తప్ప, తప్పయిందని అనలేదు.

మొన్న వాళ్ల నాన్న పోయారు. దండ వెయ్యడానికి ఫొటో లేదు. తన ఫోన్లోవీ అలాగే పోగొట్టుకున్నాడట. ఆయన తన రిటైర్మెంటు నాడు మా నాన్నతో కలిసి దిగిన ఫొటో మా గోడకుండేది. దానికోసం వస్తున్నాడని తెలియగానే తీసి బీరువాలో పెట్టేశాను.

"దీదీ, ఆ ఫొటో..." అన్నాడు గుమ్మంలో నిలబడి.

నేను వేలెత్తాను. "పైనుంది భయ్యా, ఏటి భయం?"

అతను గోడకేసి చూశాడు. ప్లాంటు దుమ్ము పట్టిన గోడమీద ఫొటో ఉన్నంత మేరా తెల్లగా ఉంది. నేను చూపు తిప్పుకోలేదు.