ఏడు సంసారాలు

మనవరాలు నన్ను నాంపల్లిల తన ఆఫీసుకు రమ్మన్నది. నదులల్ల చేపలను ఎట్ల లెక్కవెట్టాల్నో తెలిసినోళ్లను అడిగి పుస్తకం రాస్తున్నరట. ఆబిడ్స్ నుంచి ఆటో ఎందుకని మనవరాలిని నడిపించుకొనే పోయిన. రాసింది ఎవరి చేతికి పోతదని దారంతా అడిగిన. సరిగ్గ చెప్పలేదు.

నాది ఉత్త అనుమానం కాదు. నా పెండ్లి కాకముందు ఒకాయన కాయితాలు పట్టుకొని మా ఏటి ఒడ్డుకొచ్చిండు. కొర్రమీను ఏడ ఉంటదని మర్యాదగ అడిగితే మా నాయిన ఏటి వంపు చూపిచ్చిండు. మరుసటి వానకాలం ఎవరో సన్న కండ్ల వలలతో దిగిన్రు. చేపపిల్లలను గూడ మిగల్చలేదు. వంపు తేరుకునేటందుకు ఏండ్లు పట్టింది. ఇప్పుడు మా తమ్ముడు దాని మీదనే బతుకుతున్నడు. అది ఏ ఏరో ఇక్కడ గూడ చెప్పను.

ఆఫీసుల మేడం చాయ్ ఇచ్చింది. అడగకముందే చాయ్ ఇచ్చేటోళ్లను నేను ఇంకింత జాగ్రత్తగ చూస్త. అందుకే ఒక్క ముక్కనే చెప్పిన, పోయిన వానకాలం మా తమ్ముడు ఏడు సంసారాలు లెక్కవెట్టిండని.

ఆమె రాసుకొని తలెత్తింది. "వాళ్లందరికీ రేషన్ కార్డులున్నయా అమ్మా?"

మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. తప్పు రాసుకుంటే రాసుకోనీ, వంపు దక్కుతదనుకున్న. కాని మేడమే చెప్పింది, వాళ్లు ఇప్పటిదాక వల వేసి, చేపలను పట్టే లెక్కవెడుతున్నరట. ఆ మాట విన్నంక ఊకోబుద్ధి కాలే.

"మనుషులయి కాదు బిడ్డా, కొర్రమీనులయి."

అప్పుడు చెప్పిన. వానలు పడ్డంక పొద్దుగాల ఒడ్డు వెంట నడవాలె. పిల్లలు ఎర్రగ ముద్దకట్టి నీళ్ల మీద తిరుగుతయి, కింద తల్లీతండ్రీ కావలి ఉంటయి. ముద్ద ఒకటి కనపడితే ఒక సంసారం. మా అమ్మ ముద్దకొక ముడి చొప్పున దారానికి వేసేది. నీళ్లల్ల చెయ్యి గూడ పెట్టేది కాదు.

మేడం కొత్త కాయితం తీసి అంతా రాసింది. ఆఖరుకు పెన్ను ఒక గడి మీద ఆగింది. నేను చదివింది రెండో తరగతే, అయినా "స్థలం" అన్నది కూడబలుక్కున్న. ఆ గడి మీద అరచెయ్యి పెట్టిన.

"ఎట్లనో రాసుకో. ఏడనో రాయకు."

ఖాళీ ఉంచొద్దట. అట్లయితే మొత్తం కొట్టెయ్యమన్న. ఆమె నా దిక్కు చూసి, మనవరాలి దిక్కు చూసి, "చెప్పనన్నారు" అని రాసింది. అక్షరమక్షరం చదువుకొని సంతకం పెట్టిన.

ముందు తప్పు రాసిన కాయితం గూడ అడిగి తెచ్చుకున్న. ఆడ వదిలిపెట్టుడెందుకు? ఎనక దిక్కు ఖాళీగనే ఉంది, ఇంటి లెక్కకు పనికొస్తది.