అటొకరు, ఇటొకరు

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో వెనక గది ఆమెది. కిటికీ లేదు. ఒక కుట్టుమిషను, గోడకు మేకుల వరస, వాటికి వేలాడే కోట్లు. పాడైన జిప్పు ఊడదీసి కొత్తది వేయడం, పొడుగైన ప్యాంటు అంచు మడిచి కుట్టడం, చిరిగిన లైనింగు మార్చడం ఆమె పని. ఇరవై రెండేళ్లు అదే కుర్చీ. ఆ వీధిలోని మనవాళ్లంతా ఆమెను జిప్పులక్క అనేవారు. జిప్పులక్క చేతిలో పడిందంటే ఆ బట్టకు ఇంకా నూకలున్నట్టే.

భర్త లిఫ్టుల మెకానిక్కు. పెళ్లయిన ఏడాదికి ఇద్దరూ కలిసే ఆ పరాయి దేశం వచ్చారు. పిల్లలు కలగలేదు. పదిహేనేళ్లు గడిచాక నగరపాలక కార్యాలయంలో అతనికి పర్మనెంటు ఉద్యోగం దొరికే వీలు వచ్చింది. కానీ ఆ ఉద్యోగం ఆ దేశపు పౌరులకే. పుట్టిన దేశమేమో రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కొత్తది తీసుకున్న రోజునే పాతది పోతుంది.

ఒక ఆదివారం వంటగది బల్ల మీద ఫారాలు పరుచుకుని కూర్చున్నారు.

"నేను తీసుకుంటాను, నువ్వు తీసుకోకు," అన్నాడతను. "అటొకరు, ఇటొకరు. ఒక మనిషికి రెండు ఇవ్వరు గానీ, ఒక ఇంట్లో రెండుంటే ఎవడు కాదంటాడు?"

ఆమె నవ్వింది. ఆమెకు కావలసిందీ అదే. తల్లి పోయాక తనను పెంచింది అక్క. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన అక్క పెళ్లి చేసుకోలేదు. సొంతూళ్లో ఒక మేడ మీద రెండు గదుల అద్దె వాటాలో ఒక్కతే ఉంటోంది. ఆమెకు ఏమన్నా అయితే వీసా కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా విమానం ఎక్కాలి.

అతను పాత పాస్‌పోర్టు అప్పజెబితే మూల కత్తిరించి, రద్దు ముద్ర కొట్టి తిరిగిచ్చారు. దాని బదులు, పరాయి పౌరులైపోయిన తనవాళ్లకు పుట్టిన దేశం ఇచ్చే జీవితకాలపు కార్డు తీసుకున్నాడు. రాకపోకలకు వీసా అక్కర్లేదు, ఓటు మాత్రం లేదు. ఆమెకు వచ్చిన దేశపు శాశ్వత నివాసపు కార్డు ఉండనే ఉంది. దానికి ఒక షరతు, వరసగా ఏడాదికి మించి దేశం బయట ఉండకూడదు. అన్నాళ్లు బయట మనకేం పని అనుకున్నారు.

ఏడేళ్ల తర్వాత అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. కింది వాటా ఆవిడ ఫోను చేసిన మూడో రోజుకల్లా చెల్లెలు మంచం పక్కన ఉంది.

మూడు నెలలనుకున్నది ఆరయింది, ఆరు తొమ్మిదయింది. అన్నం మెత్తగా పిసికి చెంచాతో పెట్టడం, పుండ్లు పడకుండా గంటగంటకూ ఒత్తిగిలించడం, జడ వేయడం. ఆ స్థితిలోనూ అక్క పంతులమ్మే. మాత్రలు చేతిలో పోస్తే ఎడమచేతి వేలితో ఒక్కొక్కటీ జరిపి చూసి, "ఒకటి... తక్కువ," అనేది. చూస్తే నిజంగానే తక్కువుండేది.

పదకొండో నెలలో టికెట్టు తీసుకుంది. పగలూ రాత్రీ ఉండే ఆయాను మాట్లాడిపెట్టింది. ప్రయాణం నాలుగు రోజులుందనగా అక్కకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రి వరండాలో నిలబడి భర్తకు ఫోను చేసింది.

"పదిహేడు రోజులే ఉంది గడువు," అన్నాడతను. "ఒక్కసారి వచ్చి మొహం చూపించి మళ్లీ వెళ్లు."

"ఊపిరందక కొట్టుకుంటుంటే వదిలేసి ఎలా రమ్మంటారు?"

"కార్డు పోతుందే."

"అక్క పోతుందండీ."

"గడువు పెంచమని అడిగి చూస్తాను," అన్నాడు చివరికి.

అడిగాడు. తల్లిదండ్రులు, భర్త, పిల్లలు అయితే పెంచే వీలుందట. తోబుట్టువులు ఆ జాబితాలో లేరు. ఆమెను తల్లిలా పెంచింది అక్కే అని ఉత్తరం రాసి జతచేశాడు. దానికి జవాబు రాకుండానే గడువు దాటిపోయింది.

అక్క కోలుకుని ఇంటికొచ్చింది గానీ నాలుగు నెలలే బతికింది. అప్పుడప్పుడు కళ్లు తెరిచి, "బుజ్జీ... నీ విమానం?" అని అడిగేది. "వచ్చే వారం అక్కా," అనేది చెల్లెలు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పేది. అందరి లెక్కలూ దిద్దిన మనిషి ఆ ఒక్కటీ దిద్దలేదు.

కర్మకాండ ముగిశాక, ఎవరైనా చూసీ చూడనట్టు వదిలేస్తారేమోనన్న పిచ్చి ఆశతో విమానాశ్రయానికి వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పింది.

"ఇది చెల్లదు మేడమ్."

"మా ఆయన అక్కడి పౌరుడేనమ్మా."

"ఆయనైతే వెళ్లొచ్చు మేడమ్. మీరు వెళ్లడానికి లేదు."

సూట్‌కేసు మళ్లీ బండి మీద పెట్టుకుని బయటికొచ్చింది.

పౌరుడి భార్యగా కొత్త దరఖాస్తు పెట్టారు. పాతికేళ్ల కాపురానికి రుజువులు అడిగారు. పంతొమ్మిది నెలలు పట్టింది. అన్నాళ్లూ అక్క వాటాలోనే, అక్క మంచం మీదే పడుకుంది. భర్త రెండుసార్లు వచ్చి మూడేసి వారాలు ఉన్నాడు. రెండోసారి బాగా చిక్కిపోయాడు. తువ్వాలు కావాలన్నా చుట్టంలా మొహమాటపడి అడిగాడు.

"నా తెలివి ఇట్లా తగలడింది," అన్నాడొక రోజు కంచం ముందు.

"మీరు చెప్పకపోయినా నేను అదే చేసేదాన్ని. తినండి," అంది.

వీసా వచ్చి తిరిగి వెళ్లేసరికి దుకాణం వెనక గదిలో ఇంకొకామె కుడుతోంది. యజమాని మొహమాటంగా, "పని ఎక్కువైతే కబురు చేస్తానమ్మా," అన్నాడు. ఇంట్లో ఆమె కూర్చునే కుర్చీ మీద లిఫ్టు సామాన్ల డబ్బాలున్నాయి. భర్త నిలబడే తినడం అలవాటు చేసుకున్నాడు. ఆమె మాట్లాడుతుంటే టీవీ గొంతు తగ్గించాలని గుర్తు రావడానికే కొన్ని నెలలు పట్టింది.

కాగితాల ప్రకారం ఆమె మొన్ననే వచ్చింది. కొత్తవాళ్లకు పెట్టే భాష క్లాసుకు తప్పనిసరిగా వెళ్లాలన్నారు. యాభై ఒకటో ఏట, నిన్నగాక మొన్న దిగినవాళ్ల పక్కన కూర్చుని, "నా పేరు ఇది, నేను దర్జీని" అని బోర్డు చూసి అందరితో పాటు చదివింది. ఎందుకొచ్చారో రెండు వాక్యాల్లో రాయమంటే కాగితం ఖాళీగా ఇచ్చేసింది.

ఐదేళ్లకు ఆమెకూ పౌరసత్వం ఇచ్చారు. ప్రమాణం చేసొచ్చిన మర్నాడే తన పాస్‌పోర్టు కవర్లో పెట్టి రద్దుకు పంపింది. ఆ ఏడే భర్త రిటైరయ్యాడు.

"చేతినిండా తీరికే కదా, ఒకసారి అటు వెళ్లొద్దామా?" అన్నాడు.

"ఎవరింటికి?" అంది.

ఆ ఏడాది వాళ్లు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు.